కూట్టిరిప్పు

“ఆసుపత్రిలో అంతా ఉచితమే కదా, ఇంక మీ బీమా దేనికి?” అన్నాడు సజీవన్, బియ్యప్పిండి పుట్టులో అరటిపండు పిసుక్కుంటూ.

ప్రబిత కొబ్బరి కోరుతోంది. అతను వెటకారంగా అడిగాడో నిజంగానే తెలియక అడిగాడో ఆమెకు అంతుపట్టలేదు. ఆమె పనిచేసే క్రీడాకారుల సహకార సంఘం కేరళలోని వడకర చుట్టుపక్కల ఆడేవాళ్ల కోసం ఒక బీమా పథకం తేవాలనుకుంటోంది. జీతం పుచ్చుకుని ఆడేవాళ్ల కోసం కాదు. పగలంతా గోడలకు రంగులేసి, ఆటో తోలి, బట్టల కొట్లో నిలబడి, సాయంత్రం అయ్యేసరికి వాలీబాల్ కోర్టుకు పరిగెత్తే మామూలు మనుషుల కోసం. పథకానికి రూపం ఇచ్చే పని ప్రబిత మీద పెట్టారు. బీమా పరీక్షలు పాసైన మనిషి సంఘంలో ఆమె ఒక్కతే. ఆ పథకాన్ని తేల్చే కమిటీలో క్లబ్బుల తరఫు సభ్యుడు ఆమె భర్త సజీవనే.

“ఉచితం కానిదేదో దాన్నే వెతుకుతున్నాను ఏట్టా,” అంది. ఇక్కడ భార్యలు భర్తను ఏట్టా అనే పిలుస్తారు.

“వెతుకు, వెతుకు. దానికన్నా ముందు నా నీలం చొక్కా వెతికిపెట్టు.”

అత్తగారు నారాయణి వంటింటి గడపలో కూర్చుని చేపలు తోముతోంది. “ఫ్యాను కింద కూర్చుని చేసే ఉద్యోగానికి ఇంట్లో కూడా ఆలోచనలేమిటే? మా రోజుల్లో కూర్చోవడానికి జీతమిచ్చేవాళ్లు లేరమ్మా,” అంది. తల్లీకొడుకులిద్దరూ నవ్వుకున్నారు. ప్రబిత కూడా నవ్వింది. పొద్దున్నే నవ్వకపోతే ఆ రోజంతా ‘మొహం ముడుచుకుంది’ అన్న మాట మొయ్యాలి. చొక్కా వెతకడం కన్నా అది బరువు.

నిజానికి సజీవన్ అడిగిన ప్రశ్న ఆమెను కూడా కొన్నాళ్లుగా పీడిస్తున్నదే. పెద్దాసుపత్రిలో లిగమెంటు తెగినా ఎముక విరిగినా చేతిలో చిల్లిగవ్వ లేనివాడికి కూడా ఆపరేషన్ చేస్తారు. మంచి డాక్టర్లు. చెయ్యి తిరిగినవాళ్లు. అలాంటప్పుడు బీమా కూడా ఆ ఆపరేషనుకే డబ్బిస్తానంటే నిండు కుండలో నీళ్లు పోసినట్టే. ప్రభుత్వం ఆటగాణ్ణి ఎంతవరకు చెయ్యి పట్టుకుని తీసుకువస్తుందో, ఎక్కడ వదిలేస్తుందో చూడాలి. వదిలేసిన చోట బీమా అందుకోవాలి. ఆమె పథకంలో రాసుకున్న మొదటి మాట ఇదే. ఆ చోటు ఎక్కడుందో తెలుసుకోవడానికి ఆఫీసు అయ్యాక క్లబ్బుల వెంట తిరిగింది. దెబ్బలు తగిలించుకున్న వాళ్ల ఇళ్లకు వెళ్లింది. “ఏం పోగొట్టుకున్నారు?” అని అడిగింది.

మగవాళ్లందరూ కూలి పోయిందన్నారు. ఒక పెయింటరు కుర్రాడు భుజం జారి నెలల తరబడి నిచ్చెన ఎక్కలేకపోయానన్నాడు.

“ఆసుపత్రిలో నీ దగ్గర ఎవరున్నారు?”

“ఎవరుంటారు చేచీ?” అన్నాడు, అక్కా అన్నట్టు. “అమ్మే.”

“అమ్మ ఏం పోగొట్టుకుంది?”

“అమ్మకేం పోతుంది?” అని అతను నవ్వాడు. 

వాళ్లమ్మ వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. వెనక్కి తిరక్కుండానే, “బళ్లో వంటపని పోయింది,” అంది. “పదిహేను రోజులు వెళ్లకపోయేసరికి ఇంకొకామెని పెట్టుకున్నారు.”

“అదెప్పుడమ్మా?” అన్నాడు కొడుకు. వాడికి నిజంగానే తెలియదు. తల్లి బకెట్ తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయింది.

ఆడవాళ్ల ఇళ్లల్లో సంగతి వేరు. అక్కడ దెబ్బ తగిలిందని ఒప్పుకునేవాళ్లే తక్కువ. వాచిన చీలమండకు గుడ్డ చుట్టుకుని, దాని మీదికి చీర కుచ్చిళ్లు దించుకుని వంట చేసినవాళ్లున్నారు. మంచాన పడితే ఆట మానిపించేస్తారు. ఆట మానిపించకపోతే ‘ఎగరమని ఎవడు చెప్పాడు’ అన్న మాట ఆ జన్మంతా వినాలి.

ఆ మాట ప్రబిత కూడా విన్నదే. కాలేజీ జట్టులో ఆమె బంతి ఎత్తిపెట్టే మనిషి. ఆమె వేళ్ల మీద నుంచి లేచిన బంతిని వేరొకరు కొడితే వేరొకరికి చప్పట్లు. ఆ సంగతి అప్పుడు బాధనిపించేది కాదు. రెండో ఏడు ఎగిరి దిగేటప్పుడు మోకాలు మెలిపడింది. నాన్న సైకిలు మీద కూర్చోబెట్టుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. ఆపరేషన్ చేస్తామన్నారు, పైసా అక్కర్లేదన్నారు. కానీ ఆడవాళ్ల వార్డులో ఆడమనిషే తోడుండాలి. నాన్న ఉండడానికి వీల్లేదు. అమ్మ బీడీలు చుడుతుంది. ఆమె ఒడిలో చేట కదలకుండా ఉంటేనే ఇంట్లో కుండ కదిలేది. అమ్మ ఆ సాయంత్రం ఆకు కత్తిరిస్తూ, తలెత్తకుండా, “నేనొచ్చి నీ దగ్గర కూర్చుంటే ఇవెవరు చుడతారు మోళే?” అంది. మోళే అంటే తల్లీ అన్నట్టే. ఎంత ప్రేమగా అందో. అందుకే కోపం కూడా రాలేదు. మోకాలు దాని దారిన అది మానింది, కాస్త పక్కకు తిరిగి. వాళ్లింట్లో మొదటి డిగ్రీ ఆమెదే. ఆ డిగ్రీ పట్టా పుచ్చుకోవడానికి వేదిక మెట్లు ఎక్కినప్పుడు కూడా ఒక చేత్తో కమ్మీ పట్టుకునే ఎక్కింది.

ఇదంతా జరిగి పాతికేళ్లు దాటింది కాబట్టి కాలం మారి ఉంటుందనుకుంది. నిషిజను కలిసేదాకా అనుకుంది.

నిషిజ బట్టల కొట్లో పనిచేస్తుంది. పొడుగు మనిషి. నెట్ దగ్గర ఎగిరిందంటే అవతలి జట్టు వాళ్లు చేతులు దించేసుకునేవారు. పోలీసు జట్టు ఎంపికలకు పిలుపొచ్చింది. ఎంపికైతే ఉద్యోగం. ఆ పిల్లకు ఆట సరదా కాదు, కొట్లోంచి బయటపడే దారి. ఎంపికలకు ముందు ప్రాక్టీసులో మోకాలి లిగమెంటు తెగింది. పెద్దాసుపత్రిలో తారీఖు ఇచ్చారు. తొందరగా చేయించుకుంటే వచ్చే ఏడు ఎంపికలకు అందుకోవచ్చన్నారు. ఆలస్యమైతే లోపలి మెత్తటి ఎముక అరిగిపోతుందని కూడా చెప్పారు.

“మరి వెళ్లలేదా?” అంది ప్రబిత.

“వెళ్లాను చేచీ. సంచి సర్దుకుని మరీ వెళ్లాను. ‘కూట్టిరిప్పు ఎవరు’ అన్నారు.”

రోగికి తోడుగా కూర్చునే మనిషిని ఇక్కడ కూట్టిరిప్పు అంటారు. ఆ మనిషి లేకుండా వార్డులో మంచం లేదు.

“నాకెవరున్నారు? అమ్మ మంగళూరులో హోమ్ నర్సు. తను పనిచేసే ఇంట్లో ముసలావిడని విడిచిపెట్టి వస్తే పని పోతుంది. అదే చెప్పాను. సిస్టర్ మంచిదే పాపం, ‘రేపు థియేటర్ నుంచి వచ్చాక నిన్ను బాత్రూముకి ఎవరు తీసుకెళ్తారమ్మా? నేనా? ఇంతమందికి ఇద్దరం ఉన్నాం’ అంది. మనిషిని తెచ్చుకుని మళ్లీ రమ్మన్నారు.” నిషిజ పకపకా నవ్వింది. “బస్టాండులో నిలబడి అడుగుదామనుకున్నా చేచీ, వారం రోజులకి ఎవరికైనా ఒక కూతురు కావాలా అని.”

ప్రబితకు నవ్వు రాలేదు. కన్నతల్లి ఎవరికో కూట్టిరిప్పు చేస్తే దానికి నెలజీతం ఉంది, పేరుంది, సెలవు పెడితే కోత ఉంది. అదే పని కూతురికి చేస్తే దానికి పేరు కూడా లేదు, ప్రేమ అన్న పేరు తప్ప. ప్రభుత్వం చెయ్యి వదిలేసే చోటు ఎక్కడా అని ఇన్నాళ్లూ వెతికింది. అది వార్డు గుమ్మం దగ్గరే ఉంది. ఆపరేషన్ ఉచితం. ఆపరేషన్ జరగాలంటే కావలసిన మనిషి ఉచితం కాదు. ఆ మర్నాడు పథకంలో కొత్త నిబంధన చేర్చింది. ఆటలో గానీ ప్రాక్టీసులో గానీ దెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరిన సభ్యులకు, తోడుండే మనిషికి రోజుకింత భత్యం. తోడు దొరక్కపోతే సంఘమే ఒక హోమ్ నర్సును పంపాలి. దానివల్ల ప్రీమియం ఎంత పెరుగుతుందో లెక్కగట్టింది. ఒక సినిమా టికెట్టంత.

కమిటీ సమావేశం రోజున టీ, అరటికాయ బజ్జీల్లాంటి పళంపొరి తెప్పించే పని కూడా ఆమెదే. పథకం తయారుచేసింది ఆమె. అయినా ప్లేట్లు తక్కువైతే అందరూ చూసేది ఆమె వైపే.

అధ్యక్షుడు దామోదరన్ మాష్ రిటైరైన వ్యాయామ మాస్టారు. మంచివాడనే పేరుంది. కొచ్చి నుంచి వచ్చిన సలహాదారు వర్గీస్ కాగితాలు తిరగేస్తూ ముందుగా ఆడవాళ్ల కూలి నష్టం దగ్గర ఆగాడు. “గృహిణులకి కూడా రోజుకింత అని రాశారేంటి మేడమ్? ఆదాయమే లేనిచోట నష్టం ఎలా లెక్కకడతాం?”

“ఆమె మంచాన పడితే ఇంట్లో ఆ పనులకి మనిషిని పెట్టుకోవాలి కదా సార్. ఆ మనిషికి ఇచ్చేది లెక్కకట్టాను.”

“ఎవరూ పెట్టుకోరు మేడమ్. ఎలాగో సర్దుకుంటారు.” అతను ఆ వాక్యం మీద గీత పెట్టి పేజీ తిప్పాడు. “ఇదేమిటి... కూట్టిరిప్పు భత్యం?”

మాష్ కళ్లజోడు సవరించుకున్నాడు. “కూట్టిరిప్పుకి కూలా? ఊరికే కూర్చున్నందుకు డబ్బులా మోళే?”

“ఊరికే కూర్చోరు మాష్. ఆ మనిషి లేకపోతే ఆపరేషనే చెయ్యరు. చాలామంది ఆడపిల్లలు ఆ కారణంగానే వెనక్కి వచ్చేస్తున్నారు. నిషిజ...”

“ఉండు, ఉండు. ఆ మనిషి ఎవరు? అమ్మ. భార్య. అక్క. వాళ్లకి కూలి కడితే రేపు ఉగ్గు పెట్టినందుకు కూడా బిల్లు పంపిస్తారు!”

బల్ల చుట్టూ నవ్వులు లేచాయి. ఒకాయనకు నోట్లో పళంపొరి ఉండగానే నవ్వొచ్చి పొలమారింది. ప్రబిత లేచి ఆయనకు మంచినీళ్లు ఇచ్చింది. ఇచ్చాక నిలబడే చెప్పింది. “ఇదే పనికి బయట హోమ్ నర్సుకి జీతమిస్తున్నాం మాష్.”

“అది పని కదా మేడమ్,” అన్నాడు వర్గీస్.

“మరి ఇది?”

“ఇది కుటుంబం.”

ఆ మాటకు ఎదురు చెప్తే తనకు కుటుంబం అంటే లెక్కలేదని ఒప్పుకున్నట్టే. ప్రబిత భర్త వైపు చూసింది. అతనికి తెలుసు. అయిదేళ్ల కిందట అతని మోకాలికి ఇదే ఆసుపత్రిలో ఆపరేషన్ జరిగినప్పుడు పక్కన ఉన్నది ఎవరో, ఎలా ఉన్నదో అతనికి తెలుసు. సజీవన్ గొంతు సవరించుకున్నాడు. ఆమె గుండె ఒక్కసారి కుదుటపడింది కూడా.

“నేనొకటి చెప్తాను మాష్,” అన్నాడు. “నా మోకాలప్పుడు ఈవిడ దగ్గర దగ్గర ఇరవై రోజులు నా మంచం పక్కన ఉంది. ఆఫీసులో జీతం నష్టం మీద సెలవు. ఒక్కనాడు, ఒక్కనాడైనా విసుక్కోలేదు. పైసా అడగలేదు. మన ఆడవాళ్లు అలాంటివాళ్లు. వాళ్ల ప్రేమకి మనం ధర కట్టకూడదు.”

ఎవరో చప్పట్లు కొట్టారు. మాష్ కళ్లు నిజంగానే చెమ్మగిల్లాయి. “చూశావా మోళే? దీనికి మించిన భత్యం ఏముంది?” అన్నాడు. నిబంధన తీసేస్తున్నట్టు, అదీ ఏకగ్రీవంగా, మినిట్స్‌లో రాయమన్నాడు. ఆమె రాసింది. తర్వాత ఎప్పటిలాగే సభ్యులకు కవర్లు పంచింది. మీటింగుకు వచ్చి కూర్చున్నందుకు ఒక్కొక్కరికీ ఇచ్చే సిట్టింగ్ ఫీజు అది. సంతకాలు పెట్టించుకుంది. సజీవన్ తన కవరు జేబులో పెట్టుకుని, “సాయంత్రం చేప ఏమైనా తేనా?” అన్నాడు.

దారిలో బైకు అద్దంలో అతనికి ఆమె మొహం కనిపించింది.

“ఏంటా ఏడుపు మొహం? అందరి ముందూ నిన్ను పొగిడాను కదా!” అన్నాడు అతను.

అతను పొగిడాడు. అందులో అబద్ధం లేదు. అదే ఆమెను తినేస్తోంది. ఆ ఇరవై రోజులూ విసుక్కోలేదన్న మాట నిజం. విసుక్కోవడానికి తీరిక ఏది? కూట్టిరిప్పు అంటే తోడుగా కూర్చోవడమని అర్థం. కానీ ఆ రోజుల్లో ఆమె కూర్చున్నది ఎప్పుడు? తెల్లవారకముందే బాత్రూము వరసలో నిలబడటం. బెడ్‌పాన్ కడగడం. రక్తం సీసా పట్టుకుని మెట్లు దిగి లాబ్‌కు, లాబ్ నుంచి మందుల కిటికీకి, అక్కడి నుంచి ‘ఈ సూది ఇక్కడ లేదు, బయట కొనండి’ అంటే గేటు బయటికి. డాక్టరు వచ్చినప్పుడు నిలబడాలి, నర్సు వచ్చినప్పుడు నిలబడాలి, అతని స్నేహితులు పళ్లు పట్టుకుని చూడ్డానికి వచ్చినప్పుడు స్టూలు వాళ్లకిచ్చి నిలబడాలి. రాత్రి మంచం కింద చాప పరుచుకుని పడుకుంటే పక్క మంచం కింద ఇంకొక ఆడది, ఆ పక్కన ఇంకొకతె. పైన మంచాల మీద రోగుల పేర్లు, నంబర్లు ఉన్నాయి. కింద ఉన్నవాళ్లకు ఏవీ లేవు. మగవాళ్ల వార్డైనా కింద ఉన్నది ఆడవాళ్లే. వంకర తిరిగిన తన మోకాలిని ఆ సిమెంటు నేల మీద ఏ వైపు పెట్టుకుని పడుకోవాలో తెలియక ఎన్ని రాత్రులు అటూ ఇటూ దొర్లిందో అతన్నెవరూ అడగరు, అతను చెప్పడు, అతనికి తెలియదు. ఇంటికి వచ్చాక అత్తగారు, “వాడు సగమైపోయాడే! అక్కడ వేళకి పెట్టావా లేదా?” అంది. ఇంతా చేస్తే ఇవాళ అదే పని ఇంకొక ఆడపిల్లకు ఏమీ ఇవ్వక్కర్లేదని నిరూపించడానికి సాక్ష్యమైంది. తను అడగలేదు కాబట్టి ఎవరూ అడగకూడదు. తను చేసిన సేవే తీసుకెళ్లి నిషిజ కాలికి సంకెల వేశారు.

ఆ వారమే ప్రబిత నిషిజకు ఫోన్ చేసింది. “ఇంకో తారీఖు తీసుకో. నేనొస్తాను.”

“మీరా చేచీ? ఆఫీసు?”

“సెలవు పెడతాను.”

“ఇంట్లో?”

“నువ్వు తారీఖు తీసుకో,” అంది ప్రబిత. సోమవారం చేరమన్నారని నిషిజ మర్నాడే చెప్పింది. ప్రబిత ఇంట్లో కూడా చెప్పింది. సజీవన్ పేపర్లోంచి తలెత్తి, “నీకు సంఘసేవ బాగా ఒంటపట్టింది,” అన్నాడు తప్ప వద్దనలేదు. పథకం ప్రారంభోత్సవం పనుల్లో ఉన్నాడు. ఆ సందర్భంగా పాత ఆటగాళ్ల మ్యాచ్ ఒకటి పెట్టారు. రిబ్బను కత్తిరించారు, మాష్ ఉపన్యాసం ఇచ్చాడు, సజీవన్ తొడుక్కున్న బనియను పొట్ట మీద బిగుసుకుపోయినా కోర్టులోకి దిగాడు. మూడో పాయింటుకు ఎగిరి కింద పడ్డాడు. ఈసారి రెండో మోకాలు.

పెద్దాసుపత్రిలో కమిటీ వాళ్లకు తెలిసిన డాక్టరు ఉన్నాడు. సజీవన్‌కి కూడా అదే సోమవారం ఖాయమైంది.

ఆ సాయంత్రమంతా ఇంటికి క్లబ్బు మనుషులు వస్తూనే ఉన్నారు. టీ పెట్టీ పెట్టీ ప్రబిత చేతులు మొద్దుబారాయి. ఒక్కొక్కడూ “మీరున్నారు కదా చేచీ, ఇంక సజీవన్‌కేం భయం” అని వెళ్లాడు. కణ్ణూరులో పాలిటెక్నిక్ చదువుతున్న కొడుకు ఫోన్లో, “నాన్నకి నువ్వుంటావుగా అమ్మా, నేను పరీక్షలయ్యాక వస్తా,” అన్నాడు. అందరూ వెళ్లాక, సజీవన్ కాలు దిండు మీద పెట్టుకుని, “ఆ పిల్లకి చెప్పేశావా?” అన్నాడు.

“ఏమని?”

“రావడం కుదరదని. ఎవరో ఒకరు దొరుకుతార్లే దానికి.”

“దొరికి ఉంటే మొదటి తారీఖుకే దొరికేవాళ్లు.”

“అయితే?”

“నేను ఆ అమ్మాయి దగ్గర ఉంటాను ఏట్టా. మగవాళ్ల వార్డులో మగవాళ్లు కూడా ఉండొచ్చు. ఆడవాళ్ల వార్డులో ఆడవాళ్లే ఉండాలి.”

అతను నవ్వాడు. కోపంలో అంటోందనుకున్నాడు. నారాయణి నవ్వలేదు. “కట్టుకున్నవాణ్ణి వదిలేసి ఎవత్తెకో గిన్నెలు కడుగుతావా? ఊరంతా మొహాన ఉమ్మేస్తుంది!” అంటూ లేచింది. లేచినావిడ నడుం పట్టుకుని అక్కడే కాసేపు ఆగింది. తర్వాత అలమర తెరిచి తన చీరలు రెండు తీసి సంచిలో కుక్కడం మొదలుపెట్టింది. “నేనే పోతా. కన్నాను కదా, నాకు తప్పదు.”

ప్రబిత దీనికే భయపడుతోంది. తను పక్కకు తప్పుకుంటే ఆ బరువు నేల మీద పడదు, ఇంకొక ఆడదాని నెత్తిన పడుతుంది. డెబ్బై దాటిన మనిషి మంచం కింద చాప మీద పడుకుంటుంది. తనది న్యాయమే కావచ్చు, కానీ ఆ న్యాయానికి నడుం విరిగేది ఈ ముసలిదానిది. అత్తగారి చేతిలోంచి సంచి తీసుకుని చీరలు మళ్లీ అలమరలో పెట్టింది.

“మీరు వెళ్లొద్దమ్మా.”

“నేను పోకపోతే వాడికెవరే?”

“ఆయనకి ఒక క్లబ్బు ఉంది.”

“క్లబ్బు మలం ఎత్తుతుందటే?” అంది నారాయణి. ఆ ప్రశ్నలో కోపం సగమే ఉంది. మిగతా సగం ఏమిటో ఆవిడకూ తెలిసినట్టు లేదు. మళ్లీ అలమర వైపు వెళ్లలేదు.

సోమవారం పొద్దున క్లబ్బు వాళ్ల కారులోనే ఆసుపత్రికి వచ్చారు. వాళ్లు చక్రాల కుర్చీలో సజీవన్‌ను కూర్చోబెట్టి, చుట్టూ నిలబడి ఫోటో దిగి, “ఏదైనా అవసరమైతే ఒక్క ఫోన్ కొట్టు” అని కారెక్కారు. ప్రబిత చీటీ రాయించింది. కుర్చీ తోసుకుంటూ మగవాళ్ల వార్డు దాకా తీసుకెళ్లింది. మంచం పక్కన అతని సంచి పెట్టింది.

“తువ్వాళ్లు, మగ్గు, ఫ్లాస్కు ఇందులో ఉన్నాయి. మాత్రలు పక్క జేబులో ఉన్నాయి.”

“నువ్వెక్కడికి?”

“పైకి. చెప్పాను కదా.”

అతని మొహంలో రంగు మారింది. చుట్టూ మంచాల కింది నుంచి ఆడవాళ్లు తలలెత్తి చూశారు. గొంతు తగ్గించాడు. “ఇక్కడ గొడవ చెయ్యకు ప్రబీ. నాకెవరుంటారు?”

“ఇప్పుడు వెళ్లిన వాళ్లలో ఒకరిని పిలవండి.”

“ఎలా పిలుస్తాను? ఎవరి పనులు వాళ్లకుంటాయి!”

ఆమె కాసేపు అతన్ని చూసింది. ఇరవై రోజుల లెక్కా, కమిటీలో చప్పట్లూ చెప్పాలనిపించలేదు. అతని మీద కసి కూడా లేదు. భయపడిన మనిషి మొహం అది. నొప్పి ఉంది. ఆ నొప్పి నిజమే. దుప్పటి అతని కాలి మీదికి లాగి సర్దింది. అలవాటు చేతులది.

“ఎవరూ లేకపోతే ఆపరేషన్ చెయ్యరు ప్రబీ,” అన్నాడు.

“చెయ్యరు. ఇంకో తారీఖు ఇస్తారు. నిషిజకి ఇచ్చినట్టే.”

మెట్లెక్కుతుంటే వెనక నుంచి రెండుసార్లు పేరు వినిపించింది. మూడోసారి వినిపించలేదు. లిఫ్టు రోగులకే. కమ్మీ పట్టుకుని, మంచి కాలు ముందు వేస్తూ ఎక్కింది. మధ్య మెట్టు మీద ఆగింది. దిగిపోతే ఎవరికీ తెలియదు. ఇల్లు మళ్లీ ఇల్లులా ఉంటుంది. సాయంత్రానికి క్లబ్బులో, అత్తగారి చుట్టాల్లో తన పేరు ఏమవుతుందో ఆమెకు తెలుసు. కొడుకు ఏమంటాడో తెలియదు. అది అన్నిటికన్నా భయంగా ఉంది. అయినా ఎక్కింది.

నిషిజ మంచం కిటికీ పక్కన దొరికింది. పొద్దున రౌండ్స్‌కు వచ్చిన డాక్టరు కొత్త స్కాన్ చూసి వెళ్లాడట. “నడవడానికి ఇబ్బంది ఉండదన్నారు చేచీ,” అంది ఆ పిల్ల. ఇవాళ నవ్వు లేదు. “ఎగరడం సంగతి ఇప్పుడే చెప్పలేమన్నారు. మొదటిసారి వచ్చినప్పుడే చేసి ఉంటే బాగుండేదట.”

ప్రబిత చీర కొంగు నడుముకు దోపి, మంచం కింద బకెట్ ఎక్కడుందో చూసింది. నీళ్ల సీసా ఖాళీగా ఉంటే పట్టుకుంది.

సిస్టర్ రిజిస్టరు పట్టుకుని మంచం దగ్గరికి వచ్చింది. “కూట్టిరిప్పు మీరేనా? పేరు చెప్పండి. పేషంటుకి ఏమవుతారు? అమ్మా, పిన్నా?”

“పిన్ని...” అనబోయింది నిషిజ, మళ్లీ వెనక్కి పంపేస్తారేమోనని.

“ఏమీ కాను సిస్టర్,” అంది ప్రబిత.

సిస్టర్ పెన్ను ఆపి తలెత్తింది. ఎగాదిగా చూసింది. “ఏమీ కాకుండా ఊరికే వచ్చి ఎవరు కూర్చుంటారమ్మా?”

“కూర్చోవడానికి రాలేదు. పని చెయ్యడానికి వచ్చాను. అలాగే రాసుకోండి.”